ప్రయాణికులు గమనించగలరు

"—బస్టాండు కాదే అది, గుడి! పీఠం పక్కన నిలబడి ఎవరైనా ఆ మాట అంటారా?"

"నోరు జారింది వదినా."

"జారితే జారింది. జారిందని నీకు తెలిసిందా? అదీ లేదు. వచ్చి కూర్చున్నాక నేను గిల్లితే గానీ తెలియలేదు."

పూజ ముగిసి పావుగంట కూడా కాలేదు. గుడి వెనక, ఫాదరుగారి వస్త్రాలు దాచే చిన్న గదిలో, కొవ్వొత్తుల డబ్బాలకీ బీరువాకీ మధ్య ఇద్దరికీ నిలబడే చోటు సరిగ్గా లేదు. అయినా వదిన చేతులు తిప్పుతూనే ఉంది. మైకమ్మ బీరువా తలుపుకి ఆనుకుని, చేతిసంచీని పొట్టకి అదుముకుని వింటోంది.

జరిగింది ఇది. ఆ ఆదివారం పూజలో మొదటి బైబిలు పఠనం మైకమ్మది. ఒక్క అక్షరం తప్పు లేకుండా చదివింది. చివర 'ఇది ప్రభువు వాక్కు' అనాలి, జనం 'దేవునికి కృతజ్ఞతలు' అని బదులు చెప్పాలి. మైకమ్మ పుస్తకంలోంచి తలెత్తి, జనం వైపు చూసి, ఎంతో నిబ్బరంగా, "ప్రయాణికులు గమనించగలరు" అంది.

"దేవునికి కృతజ్ఞతలు" అన్నారు జనం.

రెండు వందల మందికి పైనే ఉన్నారు. ఒక్క గొంతూ తడబడలేదు. కీబోర్డు వాయించే ఆయన మాత్రం రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. ఫాదరుగారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనకో, నవ్వాపుకోవడానికో చెప్పలేం.

"ఊరెళ్ళినవాళ్ళ బదులు వచ్చే ఆదివారం కూడా నీకే వేశాను" అంది వదిన. "జాబితా తలుపుకి అంటించేశాను గనక మార్చను. అది విన్నాక నీ పేరు ఉంచాలో తీసెయ్యాలో చూస్తాను."

"తీసేస్తావా?"

"పూలు సర్దే పనుంది. బెంచీలు తుడిచే పనుంది. గుడిలో పనికి కరువా?"

వదిన మైకమ్మ మొగుడికి అక్క. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది గానీ చేతిలో సుద్దముక్క లేదన్న సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. గుడిలో చదివేవాళ్ళ జాబితా వేసేది ఆవిడే. ఆవిడ తీసేస్తే తీసేసినట్టే.

దారిలో మొగుడు జత కలిశాడు. ఆయన టైలరు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసి చేసి, సూదులు లేనప్పుడు కూడా తక్కువే మాట్లాడతాడు. వీధి మలుపు తిరిగాక అన్నాడు.

"నీకు బాధ దేనికి? ఇన్నేళ్ళుగా బస్టాండులో అరుస్తున్నావు, ఒక్క ప్రయాణికుడైనా కృతజ్ఞతలు చెప్పాడా? ఇవాళ ఒక్కసారే రెండు వందల మంది చెప్పారు."

మైకమ్మ నవ్వేసింది. నాలుగడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది. ఆ రెండు వందల మందీ ఏం విన్నారు? ఏమీ వినలేదు. వాళ్ళననడం దేనికి, తను మాత్రం విందా? ఇవాళ చదివింది దేని గురించని మొగుడు అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంది. దొరకలేదు. అదృష్టం, ఆయన అడగలేదు.

*

మైకమ్మకి ఆ పేరు బస్టాండు పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ప్రకటనల గదిలో కూర్చుంటోంది. గదికి మూడు వైపులా అద్దాలు, నాలుగో వైపు టైంటేబులు. ముందు బల్ల, బల్ల మీద మైకు, మైకు అడుగున స్విచ్చి, స్విచ్చి పక్కన చిన్న ఎర్ర బల్బు. అద్దంలో చెయ్యి పట్టేంత కిటికీ ఒకటి, వచ్చి అడిగేవాళ్ళ కోసం.

పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. "బస్సు ఎక్కడికో ముందు చెప్పు. ప్లాట్‌ఫాం తర్వాత. మళ్ళీ ఎక్కడికో చెప్పు. చివరి మాట మింగకు. అన్నిటికంటే ముఖ్యం, గొంతులో తొందర రానివ్వకు. నీ గొంతులో తొందరుంటే జనం పరుగెత్తుతారు. పరుగెత్తితే పడతారు." ఆమె రానివ్వలేదు. తొందరే కాదు, సంతోషం, దిగులు, జలుబు, ఏదీ రానివ్వలేదు. అమ్మ పోయిన వారం కూడా ఆ గొంతు అలాగే వినిపించిందని డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గదిలో ఆమెకి ఇంకో పని ఉంది. అది ఎవరికీ తెలియదు. ఒక బస్సు ప్రకటించి, స్విచ్చి ఆపేసి, మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం ఒకటి చెప్పుకుంటుంది. ఆమె షిఫ్టులో యాభై మూడు బస్సులు. జపమాలలో మంగళవార్తలు కూడా యాభై మూడే. టైంటేబులు వేసినవాడికి జపమాల సంగతి తెలిసే అవకాశం లేదు, ఆమె మాత్రం మొదటి నెలలోనే లెక్క కనిపెట్టేసింది. ఏ బస్సయినా రద్దయితే ఆ జపం రద్దు చేసేది కాదు. ఆ బస్సు కోసం వచ్చి ఉసూరుమంటూ వెనక్కి వెళ్ళేవాళ్ళ కోసం చెప్పేది. మొదట్లో బాగా చెప్పేది. ఇప్పుడు పెదవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆమె ఆలోచనలు కూరల దగ్గరో కరెంటు బిల్లు దగ్గరో ఉంటున్నాయి.

గుడిలో చదవడం మాత్రం వేరు. వాళ్ళమ్మకి అక్షరం రాదు. ఆదివారం గుడిలో విన్నది ఇంటికొచ్చి, గిన్నెలు కడుగుతూ, మంచం దిగలేని పక్కింటి పెద్దామెకి కిటికీలోంచి కేకేసి చెప్పేది. పేర్లన్నీ తప్పులే. ఏ రాజు ఎవరి కొడుకో ఆమెకి అక్కర్లేదు. కానీ పక్కింటామె "అయ్యో" అనాల్సిన చోట అయ్యో అనేది, "హమ్మయ్య" అనాల్సిన చోట అనేది. చదువొస్తే మా అమ్మాయి పుస్తకం దగ్గర నిలబడి చదువుతుందని ఆ తల్లి చెప్పుకునేది. నిలబడింది కూడా. తొమ్మిదేళ్ళుగా నెలకో ఆదివారం. తన విశ్వాసంలో ఇది నాది అని మైకమ్మ చెయ్యి వేసి చెప్పగలిగింది అదొక్కటే. ఇప్పుడు అది పోతే, బెంచీలు తుడవడం తక్కువని కాదు, అమ్మకి ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టుంటుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట పదికి రేవు బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ ఒకటీ నలభై దాకా బస్సు లేదు. రోజులో ఆమెకి దొరికే ఖాళీ అదే. ఆదివారం పఠనం జిరాక్స్ కాగితం పొద్దుటి నుంచీ మైకు కింద పెట్టుకుని ఉంది. రేవు బస్సు గురించి చెబుతూనే ఒక చేత్తో దాన్ని లాగింది. అక్కడే జరిగింది తప్పు. స్విచ్చి ఆపాల్సిన చెయ్యి కాగితం పట్టుకుంది. ఎర్ర బల్బు వెలుగుతూ ఉంటే చూసుకునేదే. కానీ అది మంగళవారమే మాడిపోయింది. మంగళవారమే రిజిస్టరులో రాసింది. ఇంకా ఎవరూ రాలేదు.

చదవడం మొదలుపెట్టింది. రాణికి భయపడి పారిపోయిన ప్రవక్త కథ. ఎడారిలో ఒక రోజంతా నడిచి, ఒక పొద కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసేసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. రెండు వరసలు చదివేసరికి తన గొంతు తనకే వినిపించింది. ప్రవక్త ఎడారికి వెళ్ళాడన్నది, ఎడారి బస్సు మూడో ప్లాట్‌ఫాం మీద ఉందన్నట్టే ఉంది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి నెమ్మదిగా. 'ఇక చాలు' దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతటదే తగ్గింది. ఆ మాట అనుకోని మనిషి ఉంటాడా.

బస్టాండుకి ఎప్పుడూ ఒక రొద ఉంటుంది. అది తగ్గిందని ఆమె చెవి పట్టుకుంది గానీ బుర్ర పట్టుకోలేదు. అద్దంలోంచి చూస్తే ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడి పైకి చూస్తోంది. ఒకాయన పెట్టె సగం ఎత్తి అక్కడే ఆగిపోయాడు. పావురాలేవో గూడు కట్టి ఉంటాయి అనుకుని మైకమ్మ చదువుకుపోయింది. దేవదూత వచ్చి తట్టి లేపాడు. తల దగ్గర కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు. ప్రవక్త తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. స్టేషన్ మేనేజరు ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చి స్విచ్చి నొక్కాడు. మూతికి ఇంకా మెతుకులున్నాయి.

"మైకమ్మగారూ! మైకు!"

"ఎప్పటినుంచి?"

"మొదటి నుంచీ! ఏదో కొత్త ప్రకటన అనుకుని నేను తింటూ కూర్చున్నాను. రాణి, పారిపోవడం, ప్రాణం తియ్యడం, ఇవన్నీ వచ్చేసరికి పరుగెత్తుకొచ్చాను." ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, నియమం అంటే నియమమే. "మీ దేవుడితో నాకు పేచీ లేదండీ. మైకు మాత్రం అందరిదీ. రేపు ఇంకొకరు ఇంకో పుస్తకం పట్టుకొస్తారు. మూడింటిలోగా రాసివ్వండి. పైనుంచి అడిగితే నా దగ్గర కాగితం ఉండాలి."

"న్యాయమేనండీ" అంది మైకమ్మ. అది నిజంగానే న్యాయం.

ఆయన వెళ్ళాడు. ఆమె తెల్లకాగితం తీసి తేదీ వేసింది. కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు.

నలభై దాటిన ఆడమనిషి. ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆసుపత్రి ఫైలు గుండెకి హత్తుకుని ఉంది. నిద్ర లేని కళ్ళు.

"అమ్మా, లేచాడా?"

"ఏ బస్సమ్మా?"

"బస్సు కాదు. ఇందాక చెప్పారే, రొట్టె తిని మళ్ళీ పడుకున్నాడని. ఆయన తర్వాత లేచాడా?"

మైకమ్మ జిరాక్స్ కాగితం అందుకుంది. ఎక్కడ ఆగిందో వెతికి, కిటికీ వైపు వంగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయింది.

"చదవకండమ్మా" అంది ఆవిడ. "చెప్పండి."

మైకమ్మ కాగితం దించింది.

"లేచాడమ్మా. ఆ దేవదూత రెండోసారి వచ్చాడు."

"తిట్టాడా?"

"ఎందుకు తిడతాడు?"

"లేపి తినిపిస్తే మళ్ళీ పడుకున్నాడు కదా. మా ఇంట్లో అయితే తిట్టేవాళ్ళు."

ఈ పఠనం మైకమ్మ ఇదివరకు ఎన్నిసార్లు విందో, కనీసం రెండుసార్లు తనే చదివింది. ఆ సంగతి ఎప్పుడూ చూడలేదు. కాగితం వైపు ఒకసారి దొంగచూపు చూసి మరీ చెప్పింది.

"తిట్టలేదు. మళ్ళీ తట్టాడు. లేచి తిను, నువ్వు పోవాల్సింది చాలా దూరం, ఇలా అయితే నడవలేవు అన్నాడు."

"ఎందుకు పడుకున్నావని అడగలేదా?"

"అడగలేదు."

"తర్వాత?"

"తిన్నాడు. ఆ బలంతో నలభై రోజులు నడిచాడు. దేవుడి కొండకి చేరాడు."

"నలభై రోజులా." ఆవిడ ఫైలుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "మాకు ఇవాళ పదకొండో రోజు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. పొద్దున్నించి రెండు బస్సులు వదిలేశాను. డబ్బుల్లేక కాదు. కాలు లేవలేదు."

ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది మైకమ్మకి. నోటి దాకా వచ్చిన నాలుగు మాటలూ గోడ మీద రాసిపెట్టేవాటిలా ఉన్నాయి. మింగేసింది.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

"లేదు."

"క్యాంటీను అదిగో, ఆ స్తంభం వెనక. ఆసుపత్రి బస్సు ఒకటీ నలభైకి, ఆరో ప్లాట్‌ఫాం. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. తినేసి రా. నేను పిలుస్తాను."

"నన్ను పిలుస్తారా?"

"నా పనే అది."

ఆవిడ వెళ్ళబోయి ఆగింది. "ఆ కాగితం మీకు కావాలా?"

మైకమ్మ ఒక్క క్షణం ఆలోచించి, కాగితాన్ని మడిచి కిటికీలోంచి ఇచ్చేసింది.

ఒకటీ నలభైకి ఎప్పటిలాగే పిలిచింది. తొందర లేదు, దిగులు లేదు. ఎక్కడికో ముందు, ప్లాట్‌ఫాం తర్వాత, మళ్ళీ ఎక్కడికో. ఆ ఫైలు మెట్టెక్కి లోపలికి వెళ్ళడం అద్దంలోంచి చూసింది. స్విచ్చి ఆపి, రెండుసార్లు తడిమి చూసుకుని, మంగళవార్త జపం చెప్పింది. చాలా రోజుల తర్వాత అది పెదవుల దగ్గర ఆగకుండా లోపలి నుంచి వచ్చింది.

మూడింటికి మేనేజరు ఆమె రాసింది నిలబడే చదివాడు. "తప్పు నాది అన్నారు, బాగుంది. బల్బు సంగతి రాశారు, అదీ సరే. అందుకు విచారిస్తున్నాను అని కూడా ఒక వాక్యం రాయండి."

"రాశానండీ, కింద. మైకు ఆపనందుకు విచారిస్తున్నాను."

"చదివినందుకు కూడా రాస్తే కాగితం నిండుగా ఉంటుంది."

"చదివినందుకు విచారం లేదండీ. లేనిది ఎలా రాయను?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. సాయంత్రం స్టూలు వేయించుకుని బల్బు తనే మార్చాడు. ఆమె ఇంటికి బయల్దేరుతుంటే క్యాంటీను వాడు కేకేశాడు. "మైకమ్మా! నువ్వు రొట్టె రొట్టె అన్నావు, నా బన్నులన్నీ అయిపోయాయి. రోజూ చదవరాదూ?"

*

ఆమె ఇల్లు చేరేలోగానే కబురు వదిన దగ్గరికి చేరింది. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"గుడిలో బస్టాండు పెట్టావు. ఇప్పుడు బస్టాండులో గుడి పెట్టావు. ఏదో ఒకటి తిన్నగా చెయ్యవే!"

"కూర్చో అక్కా" అన్నాడు మొగుడు, మిషను ఆపకుండా.

"కూర్చోడానికి రాలేదు. ఫాదరుగారికి ఏం చెప్పాలో అడగడానికొచ్చాను. ఆ కాగితం ఏది? నా ముందు చదువు, వింటాను."

"లేదు వదినా. ఒకావిడకి ఇచ్చేశాను."

"ఎవరావిడ?"

మైకమ్మ చెప్పింది. కిటికీ, ఫైలు, చదవకండమ్మా చెప్పండి అనడం, తిట్టాడా అని అడగడం, అన్నీ. మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. వదిన కుర్చీ అంచున కూర్చుంది.

"తిట్టలేదా?" అంది చివరికి.

"లేదు."

"ముప్ఫై ఏళ్ళు చెప్పాను ఆ కథ పిల్లలకి" అని వదిన లేచింది. గుమ్మం దగ్గర మళ్ళీ టీచరమ్మ అయిపోయింది. "అదంతా సరే. ఆదివారం ముగింపు మాట మాత్రం సరిగ్గా అను."

*

ఆదివారం గుడి నిండింది. ఆ ఫైలావిడ వస్తుందని మైకమ్మ అనుకోలేదు. అయినా తలుపు వైపు ఒకసారి చూసింది. రాలేదు. పుస్తకం ముందు నిలబడి, మైకు కొంచెం దించుకుని, ఎదురుగా ఉన్న రెండు వందల తలల్లో ఒక్క తల కోసం వెతికింది. నాలుగో వరసలో ఎవరో ముసలాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది.

పుస్తకంలో ఉన్న మాటలే. ఒక్కటి కలపలేదు, ఒక్కటి వదల్లేదు. కానీ ప్రవక్త మళ్ళీ పడుకున్న చోట, కిటికీ దగ్గర ఆగినట్టు ఆగింది. కీబోర్డు ఆయన తలెత్తాడు. చంటిపిల్లని భుజాన వేసుకుని బయటికి వెళ్ళబోతున్న తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. ముసలాయన చెయ్యి చెవి దగ్గర అలాగే ఉంది. అప్పుడు దేవదూత రెండోసారి వచ్చాడు.

కొండకి చేరాక తలెత్తింది.

"ఇది ప్రభువు వాక్కు."

జనం వెంటనే పలకలేదు. ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు గుడిలో ఏ చప్పుడూ లేదు. తర్వాత అక్కడొకరు ఇక్కడొకరు మొదలుపెడితే, తక్కినవాళ్ళు వాళ్ళని అందుకున్నారు. దేవునికి కృతజ్ఞతలు అనే ఆ మాట అన్నేళ్ళలో అంత అడ్డదిడ్డంగా ఎప్పుడూ రాలేదు.

పూజ అయ్యాక మైకమ్మ వెనక గదిలోకి వెళ్ళింది. వదిన అప్పటికే అక్కడుంది. తలుపుకి అంటించిన జాబితాని ఊడదీసి బీరువా మీద పరిచి ఉంచింది. చేతిలో పెన్సిలు, పక్కన రబ్బరు. కాగితం మీద మైకమ్మ పేరు ఉంది, దాని కిందే వచ్చే ఆదివారానికి వదిన పేరు.

"ముగింపు సరిగ్గానే అన్నావు" అంది వదిన, కాగితం మీంచి కళ్ళెత్తకుండా.

"అన్నాను."

"మధ్యలో అంతసేపు ఆగాలని పుస్తకంలో లేదు."

"లేదు వదినా."

వదిన రబ్బరు తీసి సంచీలో వేసుకుంది. వచ్చే నెల గడిలో మైకమ్మ పేరు రాసింది, గుండ్రటి బడి అక్షరాలతో. పెన్సిలు ములుకు చూసుకుంది.

"వచ్చే ఆదివారం నాది. శనివారం ఒంటిగంట పదికి బస్టాండుకి వస్తాను. పుస్తకం తేను. ఆ కిటికీ దగ్గర నిలబడి నీకు చెబుతాను, నువ్వు విను."